వలందా, బలందా: ఆ మొదటి అక్షరం ఎవరిది?

బందరు పిల్ల: రెండు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. ఉత్తర ఆస్ట్రేలియా ఆర్నెమ్ ల్యాండ్ మీద ఒక వీడియోలో, అక్కడి ఆదివాసులైన యోల్ఙుల పెద్దావిడ ఒకరు తెల్లవాళ్ళని ‘బలందా’ అన్నారు. వినగానే బందరులో మా వలందపాలెం గుర్తొచ్చింది. రెండూ డచ్చివాళ్ళ పేరేనా? అయితే మనకి ‘వ’, వాళ్ళకి ‘బ’ ఎందుకు?

యతిప్రాస: రెండూ పోర్చుగీసు ‘హొలాండా’ నుంచి వచ్చినవే. మనం హకారం వదిలేసి ‘ఒలందా’ అన్నాం. ‘ఒకటి’ని ‘వొకటి’ అనే నోరు కదా, ‘వొలందా’, ఆపైన ‘వలందా’ అయింది. వాళ్ళకి వకారం తిరక్క ‘బ’ చేసుకుని ఉంటారు.

గోదారి గట్టు: అది కుదరదండీ. యోల్ఙు భాషలో సూర్యుడు ‘వలు’. వకారం వాళ్ళకి చక్కగా ఉంది. ‘బ’ ఇండోనేసియాలోని సులవేసి దీవి మకస్సర్ నావికులది. మలయ్‌లోనూ ‘బెలాందా’యే. ఆ నావికులు డిసెంబరు గాలికి ప్రౌ అనే తెరచాప పడవల్లో యోల్ఙుల తీరానికి వచ్చి, సముద్ర దోసకాయలనే జీవుల్ని పట్టి, ఉడికించి, పొగబెట్టి, గాలి మళ్ళగానే వెళ్ళిపోయేవారు. సరుకు చైనాకి. 1803లో ఇంగ్లీషు నావికుడు ఫ్లిండర్స్‌కి ఎదురైన మకస్సర్ పడవల నాయకుడు పొబాసో, ఆ తీరంలో 60 ప్రౌలు ఉన్నాయని చెప్పాడు.

యతిప్రాస: ‘వలు’ దగ్గర ఒప్పుకుంటున్నాను. కానీ జావా దీవిలోని సుందా భాషలో ‘వలందా’ అనే అంటారు. అంటే ఆ దీవుల్లోనే వ, బ రెండూ ఉన్నాయి. ఆ ‘వ’ మన తీరం బట్టల మూటలతో వెళ్ళిందని నా నమ్మకం. మన బట్టలిచ్చే కదా డచ్చివాళ్ళు అక్కడ లవంగాలు, జాజికాయలు కొన్నది.

చింతచిగురు: మూటతో బట్ట వెళ్ళింది సరే, అక్షరం వెళ్ళిందనడానికి రుజువేదీ? నిజంగా మన దేశం నుంచి బయల్దేరిన మాట వేరే ఉంది. యోల్ఙులో డబ్బుని ‘ఱుపియా’ అంటారు. సంస్కృత ‘రూప్యం’ హిందుస్తానీ మీదుగా, మకస్సర్ మీదుగా అక్కడికి చేరింది. వాళ్ళకి రేఫలు రెండు. ఇది నాలుక అదిరే రేఫ, అందుకే బండి ఱ రాశాను. మనం పోగొట్టుకున్న తేడా వాళ్ళ నోట ఇంకా బతికే ఉంది.

గోదారి గట్టు: దీవుల వర్తకం అంటే నాకు శ్రీనాథుడే. వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి తెప్పించిన సరుకుల సీసపద్యంలో ‘పంజార కర్పూరం’ ఉందే, ఆ పంజార సుమత్రా రేవే అంటారు. ‘దెచ్చి, దెచ్చి’ అని చదువుతుంటే ఓడ దించుతున్నట్టే ఉంటుంది.

యతిప్రాస: పంజార మీద వేరే చర్చ పెట్టాలి. నాకు అదే పద్యంలో ‘జలనోంగి’ ఏ ఊరో ఇంకా కొరుకుడు పడలేదు.

చింతచిగురు: ఒక్కమాట చెప్పి ఆగుతాను. 1906 తర్వాత అక్కడి ప్రభుత్వం మకస్సర్ వాళ్ళకి లైసెన్సులు ఇవ్వలేదు, 1907తో ప్రౌలు రావడం ఆగిపోయింది. వాళ్ళు దిగిన చోట్ల చింతచెట్లు మాత్రం ఇంకా ఉన్నాయి. తెచ్చుకున్న చింతపండు తిని పారేసిన పిక్కలు మొలిచాయి. చింతకి మకస్సర్ మాట ‘చంబ’, యోల్ఙు మాట ‘జంబఙ్’. ఆ చివరి ఙ ఎక్కడిదో ఎవరైనా చెబుతారా?

బందరు పిల్ల: మరి నా ‘వ’ సంగతి? బందరు పాత దస్తావేజులు ఎవరి దగ్గరైనా ఉంటే, వాటిలో ‘వలందా’ అనుందో ‘వొలందా’ అనుందో చూసి పెట్టండి.