సింగపూర్‌లో మొదటి రాత్రి భోజనం: అమ్మ శాకాహారి, నాన్నకి చేపలుండాలి

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
వచ్చే నెల వైజాగ్ నుంచి సింగపూర్ వెళ్తున్నాం, నలుగురం. రూము లిటిల్ ఇండియాలో. పొద్దున్న దిగి ఆ సాయంత్రమే బయట తినాలి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, షుగరుంది. నాన్నకి చేప లేకపోతే ముద్ద దిగదు. ఎక్కడ తినాలి? బిల్లు మీద ఏమేం కలుపుతారు? టిప్పు ఇవ్వాలా?

గంటస్తంభం (విజయనగరం):
మొదటి రోజు పెద్ద రెస్టారెంటు జోలికి పోకండి. లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్ పక్కనే టెక్కా సెంటర్, తిండి స్టాళ్ళన్నీ ఒకేచోట ఉంటాయి. ఎవరిక్కావలసింది వాళ్ళు కొనుక్కుని ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. వాళ్ళ ఏడింటికి మన పొట్టకి నాలుగున్నరే. ఆకలేశాక వెళ్దాంలే అనుకుంటే కొన్ని స్టాళ్ళు కట్టేస్తారు. మధ్యాహ్నం తేలిగ్గా తినీసి ఏడులోపు వెళ్ళిపోండి.

ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు కనిపిస్తే కూర్చోకండి. మన పలాస బస్సులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టినట్టే అది. తిన్నాక ట్రే మీరే స్టాండులో పెట్టాలి, హలాల్ ట్రేలకి స్టాండు వేరు. 2021 సెప్టెంబరు నుంచి ఇది తప్పనిసరి: మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. ఫోన్‌పే నమ్ముకోవద్దు, 2, 5, 10 డాలర్ల నోట్లు జేబులో ఉంచుకోండి.

వంశధార:
అమ్మగారి విషయంలో "నాన్‌వెజ్ వద్దు" అంటే సరిపోదు. ముక్క లేకుండా ఇస్తారు, పులుసు మాత్రం అదే. పరోటాలాంటి ప్రాటాకి చాలాచోట్ల చేపల పులుసో, మాంసం పులుసో పోస్తారు, ముందే "పప్పు" అని అడగాలి. ఆకుకూర వేపుడు కూడా నమ్మొద్దు. అందులో పడే సంబల్ కారంలో ఎండురొయ్యల ముద్ద ఉంటుంది, చైనా వంటల్లో ఆయిస్టర్ సాస్. ఆవిడకి సెరంగూన్ రోడ్డు మీది శాకాహార హోటళ్ళే మేలు. కోమల విలాస్ 1947 నుంచి ఉంది.

బారువ బావ:
నాన్నగారికి రేస్ కోర్స్ రోడ్డులో అరిటాకు భోజనం, చేప తలకాయ పులుసు. ఒక్క తల ముగ్గురికి సరిపోతుంది, తలకొకటి చెప్పీకండి. సముద్రం సరుకు అమ్మే హోటల్లో పీతల రేటు 100 గ్రాములకి రాస్తారు. 10 డాలర్లని చూసి మురిసిపోతే కిలో పీత 100 అవుతాది. తూకం వేయించి, మొత్తం ఎంతో అడిగాకే వండమనాలి. వండీసాక "ఏటి బాబూ ఇది" అంటే లాభం లేదు. భావనపాడు పీతలు తిన్నవాళ్ళకి ఆ ధర ఎలాగూ మింగుడుపడదనుకోండి.

మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీసు, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. 100 డాలర్ల తిండికి 110, ఆపైన 119.90. టిప్పు అక్కర్లేదు. అడక్కుండా పెట్టిన వేరుశెనగలకీ, తడి టిష్యూలకీ కూడా డబ్బులుంటాయి, వద్దంటే తీసీస్తారు. టెక్కా స్టాళ్ళలో ఈ ప్లస్సుల గొడవ లేదు.

నాగావళి ఒడ్డు:
చాలా థాంక్స్ అన్నాయ్. అమ్మకి తిన్నాక కాఫీ పడాలి, పంచదార లేకుండా. ఎలా అడగాలి?

గంటస్తంభం:
ఉత్త "కోపి" అంటే తియ్యటి డబ్బాపాలు గుమ్మరిస్తారు. "కోపి సి కోసోంగ్" అనండి: పాలుంటాయి, పంచదార ఉండదు. టీకి "తే సి కోసోంగ్". పాలు కూడా వద్దంటే "సి" బదులు "ఓ". మిగిలింది పార్సిల్ కట్టించినా మెట్రోలో మాత్రం తెరవొద్దు. అక్కడ తిన్నా, తాగినా జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది.