ఆస్ట్రేలియా చెట్ల బోన్సాయ్: బాటిల్‌బ్రష్, టీట్రీ, బ్యాంక్సియాలను ఎప్పుడు, ఎక్కడిదాకా కత్తిరించాలి?

తొట్టివనం

మెల్‌బోర్న్‌లో ఉన్న మూడు చెట్ల గురించి అడుగుతున్నాను. మూడూ నర్సరీ కుండీల్లోనే ఉన్నాయి, బోన్సాయ్ తొట్టిలోకి ఇంకా మార్చలేదు.

బాటిల్‌బ్రష్: మొదలు దగ్గర మాను 6 సెం.మీ. మందం, ఎత్తు మీటరున్నర. కింది అర మీటరులో ఒక్క కొమ్మా లేదు. 20 సెం.మీ. దగ్గర నరికితే ఆ మోడు చిగురిస్తుందా?

కోస్తా టీట్రీ: ఆకంతా కొమ్మల కొసల్లోనే ఉంది, లోపల జానెడు పొడవున బోడి. ఆగస్టులో ఒక కొమ్మను ఆ బోడి చోట కత్తిరిస్తే, నవంబరు ముగుస్తున్నా చిగురు లేదు. కొమ్మ పుల్లయిపోయింది.

బ్యాంక్సియా సెర్రాటా, అంటే రంపపుటాకు రకం: కొత్తాకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ముదురాకుల అంచులు గోధుమరంగులో మాడుతున్నాయి. సెప్టెంబరులో మూడింటికీ బ్లడ్ అండ్ బోన్ (రక్తం, ఎముకల పొడి ఎరువు) పడింది, 30 సెం.మీ. కుండీకి రెండు గుప్పిళ్ల చొప్పున.

మేపుల్, ఎల్మ్‌లకు చలికాలం చివర్లో వేర్లు కోస్తాం కదా, వీటికీ అదే లెక్కా? కొమ్మా వేరూ ఒకే రోజు కత్తిరించొచ్చా?

మోడుచిగురు

తొట్టివనం గారూ, ముందు మేపుల్ లెక్కను పక్కన పెట్టండి. మేపుల్ ఆకు రాల్చేముందు తిండిని మానులో, వేర్లలో దాచుకుంటుంది. మొగ్గ ఉబ్బే వేళ వేరు కోసినా ఆ నిల్వతో లేచి నిలబడుతుంది. మీ మూడు చెట్లూ ఏడాది పొడవునా ఆకుతో ఉండేవే. చలిలో నెమ్మదిస్తాయి గానీ పూర్తిగా పడుకోవు. జూలైలో వేరు కోస్తే ఆ గాయం చల్లటి తడిమట్టిలో నెలల తరబడి మానదు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. చిగురు జోరుగా సాగుతున్నప్పుడే కత్తి పట్టాలి. మెల్‌బోర్న్‌లో అయితే నవంబరు నుంచి జనవరి దాకా. సిడ్నీలో ఒక నెల ముందు, బ్రిస్బేన్‌లో ఇంకా ముందు. 38, 40 డిగ్రీల ఎండ కాస్తుందన్న వారంలో మాత్రం వేరు జోలికి పోవద్దు.

ఇక ఎక్కడిదాకా కొట్టొచ్చన్నది. దీనికి ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది: అడవి కాలిపోయాక ఈ జాతి ఏం చేస్తుంది? ఆస్ట్రేలియా చెట్లలో కొన్ని బెరడు కింద దాగిన మొగ్గల నుంచో, నేలమట్టంలో ఉబ్బిన లిగ్నోట్యూబర్ అనే గడ్డ నుంచో మళ్లీ చిగురిస్తాయి. కొన్ని అక్కడికక్కడే చచ్చిపోయి, కాయల్లో దాచిన విత్తనాన్ని రాల్చి ఆ విత్తనంతోనే తిరిగొస్తాయి. మొదటి రకాన్ని మోడుగా నరకొచ్చు. రెండో రకంలో పచ్చటి ఆకు దాటి కిందికి కోస్తే ఆ కొమ్మ పోయినట్టే.

మీ చెట్లలో బాటిల్‌బ్రష్, బ్యాంక్సియా సెర్రాటా మొదటి రకం. కోస్తా టీట్రీ రెండో రకం, మీ ఆగస్టు కొమ్మ ఎండిపోవడానికి కారణం ఇదే. నవంబరులో కోసినా అది చిగురించేది కాదు. ఒకే పేరున్న చెట్లలో కూడా రెండు రకాలూ ఉంటాయి. బ్యాంక్సియాల్లోనే ఎరిసిఫోలియా, అంటే సన్నాకుల రకం, నిప్పుకి చచ్చిపోతుంది, దాన్ని సెర్రాటాలా నరికితే దక్కదు. నీలగిరి (యూకలిప్టస్) చెట్లలో ఎక్కువ జాతులు తిరిగి చిగురిస్తాయి, కానీ విక్టోరియా కొండల మౌంటెన్ యాష్ మంటకి చచ్చి విత్తనంతోనే లేస్తుంది. అందుకే లేబుల్ మీద జాతి పేరు పూర్తిగా చదవకుండా రంపం తీయొద్దు.

బాటిల్‌బ్రష్‌ను ఇప్పుడే నరకొచ్చు. మీకు 20 కావాలంటే 26, 27 సెం.మీ. దగ్గర కోయండి. చిగురు కోత అంచునే రావాలని లేదు, కోత కింద కొంత ఎండుతుంది కూడా. చిగురు నిలిచాక మిగిలిన ముక్కను వచ్చే వేసవిలో ఏటవాలుగా తీసేయొచ్చు. వెచ్చగా ఉంటే మూడు నుంచి ఆరు వారాల్లో బెరడు పగుళ్లలో ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి, వాటిలోంచి వెండి నూగుతో గులాబీ రంగు చిగురు విచ్చుకుంటుంది. ఒక్కో చోట ఐదారు కలిసి పుడతాయి. వేలెడు పొడవు రాగానే చోటుకి రెండు ఉంచి మిగతావి గిల్లేయండి, లేకపోతే అక్కడ మాను ఉబ్బి బుర్రలా తయారవుతుంది. ఆ ఉబ్బును తర్వాత సరిచేయడం చాలా కష్టం.

వేర్లను మాత్రం ఈసారి ముట్టుకోవద్దు. చిగురును పైకి తోసేవి వేర్లే, ఆ బలాన్ని అదే రోజు తగ్గించకండి.

ఎర్రమట్టి

బ్యాంక్సియా సంగతే ఇక్కడ తొందరగా చూడాల్సింది. మీరు రాసిన గుర్తులు భాస్వరం ఎక్కువైనప్పుడు కనిపించేవే. ఆస్ట్రేలియా పాత నేలల్లో భాస్వరం అతి తక్కువ. ఉన్న కాస్తంతనీ పీల్చుకోవడానికి బ్యాంక్సియా, గ్రెవిల్లియా, హేకియా లాంటి ప్రోటియేసీ కుటుంబపు చెట్లు మట్టి పైపొరలో కుచ్చులు కుచ్చులుగా సన్నటి వేర్లు పెడతాయి. అలాంటి వేర్లకి భాస్వరం ధారాళంగా దొరికితే తీసుకోవడం ఆపలేవు. అది ఆకులో పేరుకుని ముదురాకు అంచులు మాడతాయి, ఇనుము అందక కొత్తాకు పసుపవుతుంది.

బ్లడ్ అండ్ బోన్‌లో భాస్వరం సాధారణంగా 4 నుంచి 5 శాతం. పైగా ఎముక పొడి నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఒకసారి నీళ్లు గుమ్మరిస్తే పోదు. ఇలా చేయండి:

1. చెంచాతో పైన కనిపించే పొడినంతా ఎత్తేయండి. గోధుమరంగు దూదిలాంటి వేరు చాప కనబడగానే ఆగిపోండి, అదే కుచ్చు వేరు. దాన్ని గీరితే రోగం కంటే వైద్యమే చంపుతుంది.
2. కుండీ పరిమాణానికి మూడింతల నీళ్లు నిదానంగా పోసి, పూర్తిగా కారనివ్వండి. వారం ఆగి మళ్లీ ఒకసారి.
3. ఐరన్ కీలేట్‌ను, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము మందును, డబ్బా మీద రాసిన మోతాదులో కలిపి పోయండి. పసుపు తగ్గుతుంది, మాడిన అంచు మాత్రం తిరిగి రాదు.
4. కొత్తగా వచ్చే ఆకు ఆకుపచ్చగా కనిపించేదాకా ఏ ఎరువూ వద్దు, కత్తిరింపూ వద్దు.

ఆ తర్వాత నేటివ్ (ఆస్ట్రేలియా సొంత) మొక్కల కోసమని అమ్మే నెమ్మది ఎరువు, భాస్వరం 1 శాతం లోపు ఉన్నది, చెప్పిన మోతాదులో సగం చాలు. ఇక్కడో తిరకాసు ఉంది. ఆస్ట్రేలియా సంచుల మీద 'పి' అంకె అచ్చంగా భాస్వరానిదే. చాలా దేశాల సంచుల మీద రాసేది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్క. ఇక్కడి 1 అక్కడ దాదాపు 2.3 అవుతుంది. విదేశీ సంచి మీద 2 చూసి భయపడనక్కర్లేదు, ఇక్కడి సంచి మీద 2 ఉంటే మాత్రం సెర్రాటాకి వద్దు. కోళ్ల ఎరువు, ఎముక పొడి అసలే వద్దు.

చెట్టు కోలుకుని కుండీ మార్చే వేళకు మిశ్రమం: 3–6 మి.మీ. ప్యూమిస్ లేదా స్కోరియా (బోలుగా ఉండే అగ్నిపర్వత రాయి) ఆరు పాళ్లు, మాగిన పైన్ బెరడు మూడు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు. దుమ్మును జల్లెడ పట్టి పారేయాలి. వేరు ముద్దలో పావు వంతుకు మించి తీయకండి, కుచ్చు వేర్లలో సగమైనా ఉండాలి, వేర్లను దువ్వొద్దు. సెర్రాటా ఆకు పెద్దది, తొట్టిలో కొంత చిన్నదవుతుంది గానీ అరచేతి సైజు చెట్టుకి నప్పదు. 60 సెం.మీ. పైన ఆలోచించండి. పాత పూకంకి కింద గొడుగు ఊచల్లా నాలుగైదు చిగుళ్లు ఒకే చోట వస్తాయి, రెండే ఉంచాలి.

తడిపళ్లెం

ఎర్రమట్టి గారు చెప్పినదంతా సరే, ఒక్క మాట చేరుస్తాను. అదే బ్లడ్ అండ్ బోన్ బాటిల్‌బ్రష్‌కి పడినా కంగారు లేదు. బాటిల్‌బ్రష్, పేపర్‌బార్క్‌లది జామ, నేరేడు కుటుంబం. వీటికి ప్రోటియేసీ అంత భాస్వరం భయం ఉండదు, నరికాక మామూలు ఎరువుతోనే జోరుగా పెరుగుతాయి. నేటివ్ అన్న ఒక్క మాటతో అన్నిటినీ పస్తు పెడితే బాటిల్‌బ్రష్ కొమ్మలు ఏళ్ల తరబడి లావెక్కవు.

టీట్రీని దక్కించుకునే దారి ఉంది, కాకపోతే ఓపిక కావాలి. లోపల ఎక్కడైనా ఒక్క పచ్చ రెమ్మ ఉందేమో వెతకండి. ఉంటే కొసల్లోని ఆకును మూడో వంతు తీసి ఆ రెమ్మకు వెలుతురు అందనివ్వండి. అది చిటికెన వేలంత పొడవయ్యాక పై కొమ్మను ఇంకొంత తగ్గించండి. ఇలా రెండు మూడు వేసవులు. రెమ్మే లేకపోతే బోడి కొమ్మను తీగతో మెలితిప్పి ఆకున్న కొసను మాను దగ్గరికి తెచ్చుకోవాలి. ముదిరిన టీట్రీ కొమ్మ పుటుక్కున విరుగుతుంది కాబట్టి రాఫియా (తాటిజాతి ఆకు నార) చుట్టి, వారానికి కొంచెం చొప్పున వంచండి. ఇంకో ముఖ్యమైన విషయం: టీట్రీ దాహమేస్తే తల వాల్చదు. ఆకు బిరుసు కావడంతో, ఎండిపోయాక వారానికి గానీ రంగు మారదు, అప్పటికి చేయగలిగేది లేదు. మట్టిలో వేలు పెట్టి చూడటమే దారి.

మోడుచిగురు గారు చెప్పని ఇంకో ముప్పు మర్టిల్ రస్ట్. ఆస్ట్రేలియాలో తొలిసారి 2010లో న్యూ సౌత్ వేల్స్‌లో కనిపించిన ఈ తుప్పు తెగులు బాటిల్‌బ్రష్, పేపర్‌బార్క్, టీట్రీ, లిల్లీపిల్లీ, నీలగిరి, అన్నిటికీ సోకుతుంది. పట్టేది లేత చిగురునే. అంటే మోడు కొట్టాక ఒక్కసారిగా వచ్చే గులాబీ చిగురు దానికి పెట్టిన విందు. గుడ్డు సొనలాంటి పసుపు పొడి కనిపిస్తే దులపొద్దు, బీజాలు బట్టలకీ కత్తెరకీ అంటుకుని పక్క కుండీకి చేరతాయి. రెమ్మ మీద ముందు ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచితో సహా కత్తిరించి, మూతి కట్టి కొన్ని వారాలు ఎండలో ఉంచి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో కాదు. నీళ్లు పొద్దున్నే పోయాలి, ఆకు రాత్రంతా తడిగా ఉండకూడదు.

తొట్టివనం

అందరికీ ధన్యవాదాలు. బ్యాంక్సియా మీద పొడి తీసేశాను, చాప వేరు స్పష్టంగా కనిపించింది. రెండు సందేహాలు. బాటిల్‌బ్రష్ కొత్త కొమ్మలకు తీగ ఎప్పుడు చుట్టాలి? వేసవిలో కుండీని నీళ్ల పళ్లెంలో ఉంచమంటారు, అది నిజమేనా?

మోడుచిగురు

చిగురు 10 సెం.మీ. అయ్యి, మొదలు దగ్గర ఆకుపచ్చ పోయి కొద్దిగా గోధుమరంగు తిరుగుతున్నప్పుడు. అంతకుముందైతే పుట్టినచోటే ఊడొస్తుంది, మరీ ముదిరితే చిట్లుతుంది. 1–1.5 మి.మీ. అల్యూమినియం తీగ సరిపోతుంది. వంచేటప్పుడు బొటనవేలితో కొమ్మ మొదలును మానుకి నొక్కి పట్టండి. వేసవిలో కొమ్మ త్వరగా లావెక్కుతుంది, నాలుగు వారాలకోసారి చూడండి. తీగను తిప్పి విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీయండి.

పళ్లెం పేపర్‌బార్క్‌లకూ బాటిల్‌బ్రష్‌కూ పనికొస్తుంది, చిత్తడి నేలల జాతులకైతే మరీ బాగా. లోతు 2 సెం.మీ. చాలు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా.

తడిపళ్లెం

దానికో షరతు. పళ్లెం పెట్టడం మొదలుపెడితే మధ్యలో ఎండనివ్వకూడదు. వేర్లు నీళ్లకు అలవాటుపడి కిందికి దిగాక, ఒక్క మధ్యాహ్నం పళ్లెం ఎండితే ముందుపోయేది ఆ కొత్త వేర్లే. దోమలు గుడ్లు పెట్టకుండా వారానికి రెండుసార్లు నీళ్లు మార్చండి, మార్చిలో చల్లబడగానే పళ్లెం తీసేయండి. బ్యాంక్సియా కుండీని మాత్రం ఒక్క రోజైనా నీళ్లలో నిలబెట్టొద్దు, ఫైటోఫ్తొరా వేరుకుళ్లు దానికి తేలిగ్గా పడుతుంది. పళ్లెంలోంచి పారబోసిన నీళ్లు కూడా ఆ కుండీకి పోయకండి, ఆ తెగులు బీజాలు నీటిలో ఈదుతాయి.