అప్‌డేట్: వేక్‌బోర్డింగ్ నుంచి కైట్‌బోర్డింగ్‌కి

వేక్‌బోర్డింగ్ (బోటు లాగుతుంటే నీళ్ల మీద బోర్డుపై వెళ్లడం) బాగా వచ్చు కదా, కైట్‌బోర్డింగ్‌కి (బోటు బదులు పెద్ద గాలిపటం లాగుతుంది) క్లాసులు అవసరమా అని ఇంతకుముందు అడిగాను. చాలామంది తప్పనిసరి అన్నారు, చేరాను. బోర్డు మీద నిలబడటం, ఎడ్జ్ పెట్టడం (బోర్డు అంచుని నీళ్లలోకి నొక్కడం) తొందరగానే వచ్చాయి. తంటా అంతా కైట్‌తోనే. పట్టు తప్పుతుంటే తాడు హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం వేక్‌బోర్డింగ్ చేసే మనకి అలవాటు. ఇక్కడ బార్‌ని (కైట్‌ని నడిపే కడ్డీని) దగ్గరికి లాక్కుంటే కైట్ ఇంకా బలంగా లాగుతుంది, వదిలేస్తేనే పవర్ తగ్గుతుంది. బోటు డ్రైవర్‌కి సైగ చేస్తే ఆపుతాడు, గాలికి ఎవరు చెప్తారు! అందుకే క్విక్ రిలీజ్‌ని (ప్రమాదంలో కైట్ పవర్‌ని వెంటనే తీసేసే సేఫ్టీ లాక్‌ని) చూడకుండానే వాడేలా పదేపదే ప్రాక్టీస్ చేయించారు. బాడీ డ్రాగింగ్ (బోర్డు లేకుండా కైట్ లాగుతుంటే నీళ్లలో ఒంటితో వెళ్లడం) బోర్ కొట్టింది కానీ, జారిపోయిన బోర్డు కోసం గాలికి ఎదురు వెళ్లాలంటే అదే దిక్కు. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో మాత్రం దిగట్లేదు. ఒంటరిగా కైట్‌ని లాంచ్ చేయడం (గాలిలోకి లేపడం) కూడా ఇప్పట్లో లేదు.