గట్టు ప్రతి ఏడాదీ అదే చోట తెగుతోంది

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. నాలుగెకరాల ఎర్రనేల, వేరుశనగ. మొన్నటి వానకు వాలుకు అడ్డంగా వేసిన గట్టు మళ్ళీ తెగి, పైమట్టి వాగుపాలైంది. ఇంకా ఎత్తు పెంచమంటారా?

జవాబు: వద్దు. ఎకరంపై 1 సెంటీమీటరు వాన అంటే దాదాపు 40,000 లీటర్లు. మిగులు నీటికి దారేది? గట్టు చివర రాళ్ళు పేర్చి అలుగు వదలండి.

మరో జవాబు: గట్టుకు పైవైపున కందకం తవ్వి, మట్టిని దిగువన పోయండి. నేను మొదటిసారి తిరగేసి పోశాను. ఒక్క వానకే కందకం పూడిపోయింది. మా నాన్న ఇప్పటికీ నవ్వుతారు.

అడిగినవారు: అలుగు వదలలేదు, నిజమే. కానీ ఆ నీళ్ళు తన చేలో పడతాయని కింది రైతు ఒప్పుకోవడం లేదు.

జవాబు: అయితే అలుగు కిందే నీటికుంట తవ్వండి. ఒక తడికి ఆయనకూ నీళ్ళిస్తానని చెప్పి చూడండి.