మరో బృందం నిర్ధారించకముందే పరిశోధన ఫలితాన్ని ప్రకటించవచ్చా?

నిదానం:
చర్చకు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఏ శాస్త్రంలోనైనా సరే, ఒక బృందం కనుగొన్న విషయాన్ని దానితో సంబంధం లేని మరో బృందం విడిగా నిర్ధారించేదాకా లోకానికి ప్రకటించకూడదు. జెనీవా దగ్గరున్న సెర్న్ అనే కణభౌతిక పరిశోధన కేంద్రం నుంచి బయలుదేరిన న్యూట్రినోలు (దేన్నైనా దాదాపు అడ్డులేకుండా దాటిపోయే అతిసూక్ష్మ కణాలు) సుమారు 730 కిలోమీటర్ల దూరాన ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకు, కాంతి చేరవలసిన సమయం కన్నా 60 నానోసెకన్లు ముందే చేరుతున్నాయని 2011 సెప్టెంబరులో ఒపెరా బృందం వెల్లడించింది. ఐన్‌స్టైన్ సిద్ధాంతానికే ముప్పు వచ్చిందన్నంత హడావిడి జరిగింది. తీరా చూస్తే, కాలాన్ని కొలిచే వ్యవస్థలో ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగా బిగించి లేదని ఐదు నెలల తరువాత బయటపడింది. 2014 మార్చిలో ఖగోళశాస్త్రానికీ ఇదే అనుభవం ఎదురైంది. విశ్వం పుట్టిన తొలి క్షణాల నాటి గురుత్వ తరంగాల (స్థలకాలంలో పుట్టే అలల) జాడ దక్షిణ ధ్రువం వద్దనున్న బైసెప్2 దూరదర్శినికి చిక్కిందన్నారు. ఏడాది తిరగకముందే, ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో కలిపి చూసినప్పుడు, ఆ జాడ మన పాలపుంతలోని ధూళి వల్ల కూడా వచ్చి ఉండవచ్చని, తరంగాలున్నాయనడానికి ఆధారం చాలదని తేలింది. ఆ కొద్ది నెలలూ ఓపిక పడితే ఎవరికి ఏం నష్టం కలిగేది?

తారాపథం:
నిదానం గారూ, మీరు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి మీరు లాగిన నియమంతోనే పేచీ. ఒపెరా వారు తమ ఫలితం నిజమని చాటలేదు. పొరపాటు ఎక్కడుందో తమకు అంతుపట్టడం లేదని, ఇతరులు కూడా పరిశీలించాలని కోరారు. పైగా, అదే ఏడాది నవంబరు నాటికి వారే మరింత తక్కువ సమయం పాటే సాగే కణ పుంజాలతో మళ్లీ కొలిస్తే తేడా మళ్లీ దాదాపు అంతే వచ్చింది. వదులైన కేబుల్ రెండోసారీ వదులుగానే ఉంటుంది కదా! అదే భూగర్భ ప్రయోగశాలలో వేరే పరికరం ఉన్న ఇకారస్ బృందం 2012 మార్చిలో తన కొలత ప్రకటించి, న్యూట్రినోలు కాంతిని మించడం లేదని చెప్పింది. ఒపెరా నోరు మెదపకపోతే ఆ కొలతకు ఇకారస్ అంత తొందరపడేదే కాదు. నిర్ధారణ ముందు, ప్రకటన తరువాత అని మీరంటున్నారు గాని, నిర్ధారణకు మనుషులు కదిలేదే ప్రకటన విన్నాక.

గురుత్వ తరంగాలను పట్టే అమెరికా పరికరాలైన లైగో సంగతి చూడండి. 2015 సెప్టెంబరు 14న అందిన గురుత్వ తరంగాన్ని లోపలే పరీక్షించుకుని, 2016 ఫిబ్రవరి 11న బయటపెట్టారు. అప్పటికి మరే బృందం వద్దా దాన్ని పట్టగల పరికరం పనిచేయడం లేదు. ఐరోపాలో ఉన్న అలాంటి పరికరం విర్గో, లైగోతో కలిసింది 2017 ఆగస్టులో. మీ నియమమే ఉంటే ఆ వార్త అంతవరకూ బీరువాలో ఉండేది.

కొలబద్ద:
అసలు "విడిగా నిర్ధారించడం" అన్న మాటకు ఆర్థికశాస్త్రంలో అర్థమేమిటో ముందు తేల్చుకోవాలి. చరిత్ర ఒక్కసారే జరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధం తరువాతి దశాబ్దాలను వేరే వడ్డీరేట్లతో మళ్లీ నడిపించి చూడలేము. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో, ప్రభుత్వ రుణం స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటిన సంపన్న దేశాలలో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని చూపారు. ఖర్చులు కోసేయాలని వాదించే నాయకులకు అది అందివచ్చిన అంకె అయింది. ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ఆచార్యులు మైకేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి, మూల రచయితలే పంపిన ఎక్సెల్ పట్టికను విప్పి చూసి, ఆ సగటు 2.2 శాతమని 2013లో తేల్చారు.

ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు చేరలేదన్న సంగతే అందరి నోళ్లలో నానింది గాని, దాని ప్రభావం స్వల్పమే. అంతకన్నా పెద్ద తేడా తెచ్చినవి, కొన్ని ఏళ్ల సమాచారాన్ని వదిలేయడం, తూకం వేసిన తీరు. బ్రిటన్ 19 ఏళ్ల అనుభవానికి ఎంత విలువ ఇచ్చారో, న్యూజిలాండ్ 1951లో ఒక్క ఏడాది చవిచూసిన 7.6 శాతం క్షీణతకూ అంతే విలువ ఇచ్చారు. దీన్ని చేతి పొరపాటు అనలేము; అది పద్ధతి ఎంపిక, అలా ఎంచుకోవడాన్ని సమర్థించేవారూ ఉన్నారు. రుణం ఎక్కువైన చోట వృద్ధి కొంత తక్కువన్న పోలిక హెర్న్‌డన్ లెక్కలోనూ మిగిలే ఉంది. 90 దగ్గర ఉందన్న అగాధం మాత్రం పూడిపోయింది. ఇదంతా తెలియడానికి కొత్త ప్రయోగమేదీ అవసరం కాలేదు, పాత పట్టిక చేతికి వస్తే సరిపోయింది. అందుకే నేను ప్రకటనను ఆపమనను, ప్రకటించిన రోజునే పట్టికను కూడా అందరి ముందూ పెట్టమంటాను. ఆ మూడేళ్ల జాప్యమే నన్ను బాధించేది.

సేతువు:
మా ఇంజనీరింగ్‌లో తంటా దీనికి తలకిందులు. లండన్‌లోని మిలీనియం పాదచారుల వంతెనను 2000 జూన్ 10న తెరిచి, అది పక్కలకు ఊగుతూ ఉండటంతో రెండు రోజులకే మూసివేశారు. వంతెన కాస్త కదిలితే నడిచేవారు నిలదొక్కుకోవడానికి ఆ ఊపుకు తగినట్టు అడుగు మార్చుకుంటారు, ఆ అడుగులే ఊపును పెంచుతాయి. జపాన్‌లో ఒక వంతెన మీద సరిగ్గా దీన్నే గమనించి ఫుజినో బృందం 1993లో పత్రం ప్రచురించింది. అయినా వంతెనల రూపకల్పనకు ఆధారమైన ప్రమాణాలలోకి అది ఎక్కలేదు. చివరకు ఊపును అణచే పరికరాలైన డాంపర్లలో 37 ద్రవ డాంపర్లు, వాటితోపాటు మరికొన్ని బరువు డాంపర్లు అమర్చి 2002 ఫిబ్రవరిలో తిరిగి తెరిచారు. తొందరపడి ప్రకటించినవారి మీదే ఇక్కడ అందరి దృష్టి ఉంది; ప్రకటించినా పట్టించుకోనివారి సంగతి కూడా చర్చలోకి రావాలి.

మంత్రసాని:
సేతువు గారి మాటకు ప్రసూతి వైద్యంలో ఇంతకన్నా బరువైన సాక్ష్యాలున్నాయి. నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ సూది వేస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లోనే చూపారు. ఆ తరువాత ఇతర బృందాలూ పరీక్షించి ఔనన్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం దాన్ని విస్తృతంగా వాడమని చెప్పింది 1994లో. అంటే నిదానం గారి షరతు నెరవేరిన తరువాత కూడా ఏళ్ల తరబడి ఎందరో పసికందులకు ఆ సూది అందలేదు.

ఇక్కడితో కథ ముగిస్తే నా వాదన సులువుగా నెగ్గేది, కానీ అలా చేయడం న్యాయం కాదు. అదే మందును ఆరు అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలో, ఆసుపత్రుల వెలుపల జరిగే కాన్పులకు కూడా విస్తరించి చూసిన పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలలో మరణాలు తగ్గలేదు సరికదా, మొత్తం పుట్టిన బిడ్డలందరినీ కలిపి చూస్తే మరణాలు పెరిగాయి. స్కానింగుతో నెలలు కచ్చితంగా లెక్కగట్టి, పసికందుల సంరక్షణ సదుపాయాలున్న ఆసుపత్రులలో మాత్రమే ఇచ్చి చూసిన మరో పరీక్షలో, 2020లో, నవజాత శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు ఒక్కటే, దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లు వేరు. కాబట్టి మరో బృందం ఔనన్నదా కాదన్నదా అని అడిగితే చాలదు, ఏ తల్లుల మీద, ఏ వసతుల మధ్య ఔనన్నదో కూడా అడగాలి.

తొందరపాటు ఖరీదు కూడా మాకు తెలుసు. గతంలో నెలలు తక్కువగా ప్రసవించినవారికి 17-ఓహెచ్‌పీసీ అనే ప్రొజెస్టిరాన్ సూదితో మళ్లీ అలా జరగడం 54.9 శాతం నుంచి 36.3 శాతానికి తగ్గిందని 463 మంది మీద జరిపిన పరీక్ష 2003లో చెప్పింది. 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, మరో పరీక్షతో నిర్ధారించాలన్న షరతు మీద త్వరిత అనుమతి ఇచ్చింది. ఆ పరీక్ష 1,708 మందితో జరిగి, ప్రయోజనం కనబడలేదని 2019లో తేలింది. అనుమతి రద్దయింది 2023 ఏప్రిల్‌లో. అంటే తీర్పు వచ్చాక కూడా నాలుగేళ్లు! డీఈఎస్ అనే హార్మోను గర్భాన్ని నిలపదని 1953లోనే షికాగో పరీక్ష స్పష్టంగా చెప్పినా, తల్లులు దాన్ని మింగినందువల్ల కూతుళ్లకు అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడేదాకా గర్భిణులకు రాస్తూనే వచ్చారు. ఈ మూడింటిలోనూ బిడ్డలకూ తల్లులకూ కీడు చేసింది ప్రకటించిన తేదీ కాదు, ఫలితానికీ ఆచరణకూ మధ్య నడవాల్సిన దారిని ఎవరూ కాపు కాయకపోవడం.

నిదానం:
మంత్రసాని గారూ, మీ స్టెరాయిడ్ ఉదాహరణ నా ప్రతిపాదనను గట్టిగానే దెబ్బతీసింది. వైద్యంలో ఆచరణకు ఒక కొలమానం, ప్రకటనకు ఒక కొలమానం ఉండాలని ఒప్పుకుంటున్నాను; నేను రెంటినీ ఒకే గాటన కట్టాను. కొలబద్ద గారు అడిగిన పట్టిక షరతును కూడా నా ప్రతిపాదనలో చేర్చుకుంటున్నాను. బైసెప్2 విషయంలో మాత్రం మెట్టు దిగను. ధూళి ఎంత ఉందో సరిగా చెప్పగల కొలతలు ప్లాంక్ వద్ద తయారవుతున్నాయని తెలిసి కూడా వేచి చూడకపోవడం శాస్త్ర అవసరం కాదు, ముందు వరుసలో నిలబడాలన్న ఆరాటం.

తారాపథం:
ఆ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే తొందరపడినవాడు ఏం చేయాలో ఖగోళశాస్త్రంలోనే ఒకరు చూపించారు. పీఎస్ఆర్ 1829-10 అనే పల్సార్ (గిర్రున తిరుగుతూ క్రమంగా రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రం) చుట్టూ ఒక గ్రహం ఆరు నెలలకోసారి తిరుగుతోందని ఆండ్రూ లైన్ బృందం 1991లో ప్రచురించింది. భూమి కక్ష్య సరైన వృత్తం కాదన్న అంశాన్ని లెక్కలో సరిగా సర్దకపోవడం వల్ల ఆ గ్రహం కనబడిందని లైన్ తానే పట్టుకున్నారు. 1992 జనవరిలో అమెరికా ఖగోళ సంఘం సమావేశంలో నిలబడి, గ్రహం లేదని, పొరపాటు తమదేనని చెప్పారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయన తరువాత మాట్లాడిన అలెగ్జాండర్ వోల్ష్‌చాన్ వేరే పల్సార్ చుట్టూ రెండు గ్రహాలున్నాయని వివరించారు. అవి ఈనాటికీ నిలిచే ఉన్నాయి.