1914 ఫ్రాన్స్ ఎన్నికలు: జనం వేసిన ఓటు ఏమైనట్టు?

మూడోబెంచి:
ఈ ప్రశ్న కొన్నాళ్ళుగా బుర్ర తొలిచేస్తోంది, ఇక్కడ పెడుతున్నాను. 1914 ఏప్రిల్ 26న మొదటి విడత, మే 10న రెండో విడత, ఫ్రాన్స్‌లో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ప్రచారంలో బాగా నలిగిన విషయం సైన్యంలో నిర్బంధ సర్వీసు. 1905 చట్టం ప్రకారం కుర్రాళ్ళు రెండేళ్ళు చేస్తే సరిపోయేది. 1913 ఆగస్టులో దాన్ని మూడేళ్ళకు పెంచారు. జర్మనీ జనాభా ఎక్కువ, పైగా సైన్యాన్ని ఇంకా పెంచుతోంది, మన దగ్గర కుర్రాళ్ళు తక్కువ కాబట్టి ఉన్నవాళ్ళనే ఇంకో ఏడాది అట్టేపెట్టుకుందాం అన్నది ప్రభుత్వం లెక్క. జోరెస్ నాయకత్వంలో సోషలిస్టులు, వాళ్ళతోపాటు రాడికల్ పార్టీలో (పేరుకే రాడికల్, నిజానికి మధ్యేవాద వామపక్షం) చాలామంది ఈ చట్టం పోవాలని ప్రచారం చేశారు. జనం విన్నారు. సోషలిస్టులకు అంతకుముందెన్నడూ రానన్ని సీట్లు, వంద పైచిలుకు వచ్చాయి. సభలో వామపక్షాలదే పైచేయి.

ఆ తర్వాత? మే 10 నుంచి లెక్కపెడితే 83వ రోజున, ఆగస్టు 1న, మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలో చేరమనే పోస్టర్లు గోడలకెక్కాయి. మూడేళ్ళ చట్టం ఎక్కడికీ పోలేదు. 1913లో దానికి వ్యతిరేకంగా ఓటేసిన వివియానీయే జూన్‌లో ప్రధాని అయి, అదే చట్టాన్ని అమలు చేస్తానన్నాడు. సూటిగా చెప్తున్నాను: జనం శాంతికి ఓటేశారు, నాయకులు మోసం చేశారు. కాదనేవాళ్ళు రండి.

సుజాత_పి:
కాదనే అంటాను మూడోబెంచి గారూ. మోసం అనాలంటే ముందు మాట ఇచ్చి ఉండాలి కదా. యుద్ధం వస్తే ఏం చేస్తాం అన్నది ఆ ఎన్నికల్లో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. యుద్ధానికి నిప్పు రాజేసిన ఆస్ట్రియా యువరాజు (ఆర్చ్‌డ్యూక్) హత్య సరయెవోలో జరిగింది జూన్ 28న, రెండో విడత పోలింగ్ అయిన ఏడు వారాలకు. ఓటర్ల ముందున్నవి మూడేళ్ళ సర్వీసు, ఆదాయపు పన్ను, ఓట్ల దామాషాలో సీట్లు ఇవ్వాలా వద్దా, బడుల్లో మతం సంగతి. వీటిలో ఆదాయపు పన్నుకు ఓటేసినవాళ్ళ కోరిక తీరింది కూడా. ఏళ్ళ తరబడి ఎగువసభ సెనేట్‌లో నానిన ఆ బిల్లు జూలై 15న చట్టమైంది.

ఓటుకు విలువ లేదంటున్నారు, జూన్ సంగతి చూడండి. అధ్యక్షుడు ప్వాంకరే, మూడేళ్ళ చట్టాన్ని సమర్థించే రిబోను ప్రధానిగా పెట్టాడు. కొత్త సభ ఆ ప్రభుత్వాన్ని మొదటిసారి ముఖం చూపించిన రోజునే పడగొట్టింది. వివియానీ వచ్చింది ఆ ఓటు బలంతోనే. ఇప్పటికి చట్టం అమలు చేస్తాం, తగ్గించడం తర్వాత చూద్దాం అని అతను చెబితే అదే సభ సరేనంది. ఎందుకంటే గెలిచిన రాడికల్స్‌లో చాలామంది ఊళ్ళో మాట్లాడినంత గట్టిగా సభలో మాట్లాడేవాళ్ళు కారు. ఇది రాజకీయం, నచ్చకపోవచ్చు. కుట్ర మాత్రం కాదు.

ఇంకోటి. జూలై 20 నుంచి 28 దాకా పారిస్ పత్రికల మొదటి పేజీలు చూస్తే యుద్ధం కంటే ముందు కనబడేది కయ్యో కేసు. మాజీ ఆర్థికమంత్రి భార్య ఆన్రియెట్ కయ్యో మార్చిలో ఫిగారో పత్రిక ఆఫీసుకెళ్ళి, చేతులు దూర్చుకునే బొచ్చు తొడుగులో పిస్తోలు దాచుకుని, ఎడిటర్ కోసం గంటసేపు కూర్చుని, రాగానే కాల్చింది. జూలై 28న ఆమె నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించిందీ ఆ రోజే. ముంచుకొస్తున్నదేమిటో తెలిసిన జనం అలా ఉంటారా?

పాత_పేపర్:
మీ ఇద్దరూ ఓటరు ఓటరు అంటున్నారు. ఎవరండీ ఓటరు? సర్వీసులో ఉన్న సైనికుడికి 1872 చట్టం ప్రకారం ఓటు లేదు. ఓటు వయసు 21, కొత్త చట్టం కింద బ్యారక్‌కు పిలిచేది 20కే. అంటే మూడో ఏడాది ఎవరి నెత్తిన పడిందో వాళ్ళకే దాని మీద నోరు లేదు. ఇక ఆడవాళ్ళ సంగతి. ఏప్రిల్ 26న లె జూర్నాల్ పత్రిక ఉత్తుత్తి పోలింగ్ పెట్టి "నాకు ఓటు వేయాలని ఉంది" అన్న చీటీలు తీసుకుంటే 5 లక్షలకు పైగా ఆడవాళ్ళు వేశారు. అసలు ఓటు రావడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

గోడగడియారం:
మూడోబెంచి గారి ప్రశ్నే ఇరుకు అనిపిస్తోంది. ఒక్క ఫ్రాన్స్ శాంతికి ఓటేస్తే సరిపోతుందా? జర్మనీ కూడా వేసింది కదా. 1912 జనవరిలో అక్కడ సోషల్ డెమొక్రాట్లు 397లో 110 సీట్లు గెలిచి సభలో అతిపెద్ద పార్టీ అయ్యారు. మూడో వంతుకు మించి ఓట్లు. ఏం ఒరిగింది? ఛాన్సలర్ (అక్కడి ప్రధాని) జవాబు చెప్పాల్సింది చక్రవర్తి కైజర్‌కు, సభకు కాదు. ఆస్ట్రియాలో ఇంకా సుఖం, 1914 మార్చిలోనే పార్లమెంటుకు తాళం వేసేశారు, జూలైలో అడగడానికి ఎవరూ లేరు.

పైగా ఆగస్టు 4న ఆ 110 మంది పార్టీ యుద్ధ ఖర్చుకు ఓటేసింది. ముందు రోజు పార్టీ లోపల జరిగిన ఓటింగ్‌లో 78 మంది సరే అంటే 14 మందే వద్దన్నారు. అదే ఆగస్టు 4న పారిస్‌లోనూ ఏకగ్రీవం.

మూడోబెంచి:
గోడగడియారం గారూ, మీరు నా వాదనకే బలమిస్తున్నారు! గెలిచినవాళ్ళే చేతులెత్తారంటే ఇక ఓటు ఎందుకు?

సుజాత_పి:
చేతులెత్తారు అనడం తేలిక. జోరెస్ చివరి వారం చూడండి. జూలై 25న లియోన్ శివారు వేజ్‌లో ఒక ఉపఎన్నిక సభ. మార్యుస్ మూతే అనే అభ్యర్థి కోసం మాట్లాడడానికి వెళ్ళాడు. మామూలుగా అయితే అభ్యర్థిని పొగిడి, పన్నుల గురించి నాలుగు ముక్కలు చెప్పి రైలెక్కేసేవాడు. అక్కడ నిలబడి, నలభై ఏళ్ళలో యూరప్‌కు ఇంత ప్రమాదం ఎప్పుడూ రాలేదని హెచ్చరించాడు. తన దేశాన్ని కూడా వదల్లేదు, మొరాకోలో ఫ్రాన్స్ చేసినదానికీ ఇందులో పాలుందన్నాడు. ఎన్నికలు, యుద్ధం ఒకే వేదిక మీద కలిసిన రోజంటే నాకు అదే గుర్తొస్తుంది.

అప్పుడు అధ్యక్షుడు, ప్రధాని ఎక్కడున్నారు? రష్యా నుంచి ఓడలో తిరుగు ప్రయాణంలో. వాళ్ళ ఓడ బయల్దేరే రోజుదాకా ఆగి మరీ ఆస్ట్రియా జూలై 23 సాయంత్రం సెర్బియాకు అల్టిమేటం ఇచ్చింది. వాళ్ళు డంకర్క్‌లో దిగేసరికి 29. 31 రాత్రి జోరెస్‌ను మోంమార్త్ర్ వీధి కెఫేలో కిటికీ పక్కన భోంచేస్తుండగా వెనకనుంచి కాల్చి చంపారు.

ఊళ్ళలో ఆ తర్వాతి రోజు ఎలా ఉందో బడిపంతుళ్ళు రాసిపెట్టారు, విద్యాశాఖే రాయమంది. కోతల కాలం. సాయంత్రం చర్చి గంటలు ఆగకుండా మోగితే పొలాల్లో ఉన్నవాళ్ళు ఎక్కడో నిప్పంటుకుందనుకుని పరుగెత్తుకొచ్చారట. పోస్టరు చూశాక ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు నోట మాట రాక నిలబడిపోయారు. రైళ్ళకు పూలు కట్టడం, పాటలు పాడడం తర్వాతి సంగతి.

మూడోబెంచి:
సరే, మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటాను. వివియానీని తిట్టింది కూడా తొందరపాటే. కానీ నా అసలు కోపం ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. ఫ్రాన్స్‌కు రష్యాతో 1890ల నుంచి సైనిక ఒప్పందం ఉంది. ఒప్పందం ఉందని అందరికీ తెలుసు, రష్యా బాండ్లు కొన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అందులో ఏం రాసుందో మాత్రం పార్లమెంటుకు చూపించలేదు. రష్యా మీద జర్మనీ దాడి చేసినా, జర్మనీ అండతో ఆస్ట్రియా దాడి చేసినా ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధం చేయాలి. అవతలి కూటమిలో ఒక్క దేశం సైన్యాన్ని కూడగట్టినా ఈ రెండు దేశాలూ వెంటనే కూడగట్టాలి. 1914 మేలో జనం రెండేళ్ళా మూడేళ్ళా అని కొట్టుకుంటున్నారు. ఎప్పుడు యుద్ధానికి వెళ్ళాలో రాసిన కాగితం వేరే బీరువాలో ఉంది. ఓటేసినవాడూ చూడలేదు, గెలిచినవాడూ చూడలేదు. ఇక 1875 రాజ్యాంగ చట్టం ప్రకారం యుద్ధం ప్రకటించాలంటే రెండు సభల అనుమతీ కావాలి. ఆగస్టు 3న జర్మనీయే ప్రకటించడంతో ఆ ఓటింగ్ కూడా జరగలేదు. సభ ఓటేసింది ఖర్చుకు.

గోడగడియారం:
బీరువా సంగతి ఒప్పుకుంటాను. ఈ చర్చలో నాకు నచ్చిన మాట అదొక్కటే, ఏమీ అనుకోకండి. కానీ ఆ కాగితం చించేసినా ఫ్రాన్స్ తప్పించుకునేదా? జూలై 31న జర్మనీ రాయబారి వచ్చి, మీరు తటస్థంగా ఉంటారా, 18 గంటల్లో చెప్పండి అన్నాడు. ఒకవేళ ఉంటామంటే తూల్, వెర్డన్ కోటలు మాకు అప్పగించండి అని అడగమని బెర్లిన్ అతనికి రహస్యంగా రాసింది. అడిగే అవసరం రాలేదు, అంతే. పడమటివైపే ముందు కొట్టాలని వాళ్ళ ప్లాన్ ఎప్పుడో సిద్ధం. ఏప్రిల్‌లో ఫ్రాన్స్ రైతు ఎవరికి వేసినా జర్మనీ సైన్యాన్ని మోసే ఆ రైళ్ళు ఆగేవి కావు.

మూడోబెంచి:
ఆగేవి కావు, ఒప్పుకున్నాను. అయినా చూపించి ఉండాల్సింది.

సుజాత_పి:
ఇందులో మీతోనే ఉన్నాను. ఆ సభ కూడా తర్వాత ఆ పాఠం నేర్చుకుంది. ఆగస్టు 4న సర్దుకుని ఇంటికెళ్ళినవాళ్ళు డిసెంబరులో తిరిగొచ్చి, 1916 నుంచి తలుపులు మూసుకుని రహస్య సమావేశాల్లో మంత్రులను వెర్డన్ పోరు గురించి నిలదీశారు. 1914 మేలో ఎన్నికైనవాళ్ళే. ఓటు విలువ అక్కడ వెతకండి.

పాత_పేపర్:
ఒక చిన్న లెక్క చెప్పి పోతాను. ఆ సభ గడువు నాలుగేళ్ళే అయినా యుద్ధం వల్ల పొడిగించుకుంటూ పోయారు, మళ్ళీ సాధారణ ఎన్నికలు 1919 నవంబరు 16న. 1894లో పుట్టిన కుర్రాడికి 1914 మేలో ఓటు వయసు రాలేదు. ఆ ఏడాదే సైన్యం పిలిచింది. బతికుంటే, మొదటిసారి ఓటేసేనాటికి అతనికి పాతికేళ్ళు.