తలనొప్పికి ముందు కళ్ళల్లో మెరుపులు, చెయ్యి తిమ్మిరి.. ఇంకెవరికైనా ఉందా?

బైరాగిపట్టెడ_పద్దు:
నాకు తలనొప్పి రాకముందే కళ్ళ ముందర వంకరటింకర గీత ఒకటి మెరుస్తాది, ముగ్గు అంచు మాదిరి, మెల్లగా పెద్దదై పక్కకి జరిగిపోతాది, దాని లోపలుండే అక్షరాలు కనపడవు. అరగంటకి అది పోయి ఎడమ పక్క నొప్పి, వాంతులు మొదలు. మొన్నయితే కుడిచేతి వేళ్ళ కాడ్నించి తిమ్మిరి పాకతా పెదాల దాకా వచ్చింది, మా ఆయన్ని పిలుద్దామంటే మాట తడబడింది. మా అత్త దిష్టి అని మిరపకాయలు తిప్పేసింది. నాకేమో పక్షవాతమేమోనని భయం.

చిత్తూరు_మామిడి:
అక్కా అచ్చం నాకూ ఇంతే, ఆరాతో వచ్చే మైగ్రేన్ అన్నారు, ఆరా అంటే నొప్పికి ముందర వచ్చే ఈ మెరుపులు, తిమ్మిర్లే. మెదడు పైపొరలో ఒక అల నిమిషానికి 3 మిల్లీమీటర్లు అటూఇటూగా నిదానంగా పోతాదంట, అందుకే తిమ్మిరి వేళ్ళల్లో మొదలై మోచెయ్యి, ఆడ్నించి మూతికి పాకతాది, మామూలుగా ఒక్కోటి గంటలోపు తగ్గిపోతాది. పక్షవాతమైతే చాలావరకు టక్కున పడేస్తాది. అట్లని ఇది చదివి నువ్వే తేల్చుకునేవు, తొలిసారి మాట తడబడిందంటే చూపించాల్సిందే.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
అవునమ్మా, ఆలస్యం చేయొద్దు. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట పోవడం ఒక్కసారిగా వస్తే పాత మైగ్రేన్ ఉన్నోళ్ళయినా సరే 108కి ఫోన్ చేయాల, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు. ఇంకోటి, పిల్లలు కాకుండా మాత్రలు వాడుతున్నారా? ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉండేవైతే ఆరా ఉన్నోళ్ళకి స్ట్రోక్ రిస్క్ పెరుగుతుంది. అడిగే డాక్టర్లు అడుగుతారు, లేకుంటే మీరే చెప్పండి.

బైరాగిపట్టెడ_పద్దు:
అయ్యో వాడతానే ఉండా సిస్టర్!! ఎవురూ అడగలా.

తిరుచానూరు_శీను:
మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా చూసుకోండి, నెలలో సగం రోజులు మింగతా ఉంటే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెడతాయి. నాకు రాకుండా ఉండేదానికి ప్రొప్రనలాల్ ఇచ్చినారు, మా తమ్ముడికి ఆస్తమా కాబట్టి అది పనికిరాదని వేరేది రాసినారు, ఒకరి చీటీ ఇంకొకరు వాడితే అంతే సంగతులు. నాకు ఎక్కువగా తెచ్చేది ఖాళీ కడుపు, ఎండ. శనివారం ఒక్కపొద్దుండి ఎండలో అలిపిరి 3,550 మెట్లు ఎక్కితే గాలిగోపురం కాడికే మెరుపులు మొదలు. ఒక్కపొద్దు మాన్లేదు, పాలు, అరటిపండు తీసుకుని తెల్లారుజామునే ఎక్కేస్తా.

చిత్తూరు_మామిడి:
పద్దక్కా, ఈసారి మెరుపులొస్తే ఒక కన్ను మూసి చూడు, తర్వాత రెండోది. రెండింట్లోనూ ఉంటే మెదడు పనే, ఒక్క కంట్లోనే అయితే కంటి డాక్టర్‌కి కూడా వెంటనే చూపించాల. అట్లే ఆ గీత కాగితం మీద గీసి పక్కన టైం రాసిపెట్టు, నేను గీసింది చూడంగానే మా డాక్టర్‌కి సగం అర్థమైపోయింది.

బైరాగిపట్టెడ_పద్దు:
సరేబ్బా, పొద్దున్నే న్యూరాలజీ ఓపీకి పోతాండా. కాగితం, మాత్రల అట్ట రెండూ బ్యాగులో పెట్టినా. మా అత్త కూడా వస్తాదంట, డాక్టర్‌ని దిష్టి సంగతి అడగాలంట.